ఏడో బోగీ తలుపులు

మెట్టుగూడ, సికింద్రాబాద్
జూన్ 9

చిరంజీవి పాల్‌కు వదిన ప్రేమమణి రాసేది.

నువ్వు కాజీపేట చేరావని మీ అమ్మాయి హదస్సా ఫోనులో చెప్పింది. నీతోనే మాట్లాడదామనుకున్నాను గానీ, నలభై ఏళ్లు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో, బోగీల షాపులో సుత్తుల మధ్య గడిపిన చెవులతో నువ్వు "ఆఁ? ఏందీ?" అంటుంటే వినే ఓపిక నాకు లేదు. అందుకే ఈ ఉత్తరం. ముప్పై నాలుగేళ్లు బడిపిల్లల చేత ఉత్తరాలు రాయించాను. ఒక్కడూ నాకు తిరిగి రాసిన పాపాన పోలేదు. నువ్వైనా రాయి.

కాప్రా వాటా ఖాళీ చేసి నువ్వు పంపిన సామాను చేరింది. రేకు పెట్టె మోసి ఆటో అబ్బాయి మెట్ల మీద కూర్చుండిపోయాడు. "ఏముందమ్మా ఇందులో, రైలా?" అన్నాడు. అవునన్నాను. నమ్మలేదు.

రేకు పెట్టెలో ఏడు బోగీలూ దుప్పట్లలో చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. బిస్కెట్ డబ్బాలు ఏడు. ఆకురాళ్లు, రంపాలు, వైసు, ఒక సంచిలో ఏవేవో కర్రముక్కలు. ఇవన్నీ వెనకగదిలో పెట్టించాను. మీ అన్నయ్య పోయిన ఈ నాలుగేళ్లలో ఆ గదిలోకి బియ్యం బస్తా తప్ప ఎవరూ వెళ్లలేదు. ఇక అది నీది. కళ్ల ఆపరేషన్లు రెండూ అయ్యాక నువ్వొచ్చి అందులోనే ఉందువుగాని, నీ బొమ్మ రైలు పని అక్కడే చేసుకుందువుగాని.

బల్ల ఎక్కడ వేయాలో, ఏది ఎక్కడ తగిలించాలో వివరంగా రాయి. డబ్బాల సంగతి నేను చూసుకుంటాను. ఒకటి మూత తీసి చూశాను. తొమ్మిదో తరగతి మగపిల్లల డెస్కులు గుర్తొచ్చాయి.

మందు చుక్కలు వేళకు వేయించుకో.

వదిన


కాజీపేట
జూన్ 17

వదినమ్మకు పాల్ వందనాలు.

కుడికన్ను అయిపోయింది. ఎడమది ఆగస్టుల చేస్తరట. అందాక దుమ్ము తగలొద్దు, ఆకురాయి పట్టొద్దు, తల వంచొద్దు అన్నరు. తల వంచకుండ ప్రార్థన ఎట్ల చెయ్యాలె అని అడిగితే డాక్టరమ్మ నవ్వింది. హదస్సా నవ్వలె.

గది సంగతి చెప్త, జెర ఓపికగ చదువు. బల్ల కిటికీ పక్కన వెయ్యి. వెలుతురు ఎడమ దిక్కు నుంచి రావాలె, లేకుంటే నా చేతి నీడ నా పని మీదనే పడ్తది. బల్ల మామూలు కన్న జానెడు ఎత్తుండాలె, కాళ్ల కింద చెక్కలు పెట్టు. ముక్క కంటి దగ్గరికి రావాలె గాని కన్ను ముక్క దగ్గరికి పోవద్దు. ముక్కను కదలకుండ పట్టే వైసు కుడి మూలకు బిగించు. బల్ల అంచుకు పాత చీర ఒకటి మొలలు కొట్టి, రెండో కొస నా నడుముకు కట్టుకునేటట్టు వదులు. చేతిల కెళ్లి జారిన ముక్క ఒళ్లె పడ్తది. నేల మీద పడ్డదంటే గాయబ్. ఆకురాళ్లు ఒక్కొక్కటి గోడకు తగిలించు. ఒకదానికొకటి తాకితే పండ్లు పోతయి. రంగులు కిటికీ దిక్కు పెట్టు, వాసన బయటికి పోతది.

డబ్బాలు మాత్రం తెరవకు వదినా. ఒక డబ్బా అంటే ఒక బోగీ. ఇవి కంపెనీ ముక్కలు కావు. ఏడుగురం ఏడు బోగీలు పంచుకొని, చాయ్ టైముల, ఆదివారాలు, చేతితోని ఆకురాయి పట్టి రాకినయి. చూస్తే అన్నీ ఒక్కతీరుగనే కనవడ్తయి గాని, ఒక బోగీ తలుపు ఇంకో బోగీకి పట్టది. వెంట్రుకంత తేడా ఉంటది.

డిసెంబర్ మొదటి ఆదివారం పాత షాపోళ్లమంతా కలుస్తున్నం. రైలు ఆడ నిలబెట్టాలె. ఎవరి బోగీ ముందు వాళ్ల పేరు. ఏడుగురిల మిగిలింది నేనూ, భద్రయ్యా, అంతే. మిగతావాళ్ల ఇంటోళ్లు వస్తరు, చూసుకుంటరు. నవంబర్ల నేను వచ్చినంక తలుపులు, కిటికీ రెక్కలు బిగించి రంగు వెయ్యాలె. పది దినాల పని, అంతే.

బొమ్మ రైలు అనకు. నమూనా. అసలు బోగీల నలభై ఎనిమిదో వంతు.

నీ మరిది
పాల్


మెట్టుగూడ
జూన్ 24

ప్రియమైన పాల్‌కు,

నీ ఉత్తరం చేరింది. నీ చేతిరాత ఎంత ముచ్చటగా ఉందో! విషయం కూడా క్రమంగా రాశావు.

నువ్వు చెప్పినట్టే గది సిద్ధం చేయించాను. బల్ల జానెడు లేపించాను. నేను స్వయంగా స్కేలుతో కొలిచాను, వడ్రంగికి కోపం వచ్చింది. ఆకురాళ్లు పద్నాలుగూ గోడ మీద పెద్దదాని పక్కన చిన్నది చొప్పున వేలాడుతున్నాయి. చీర మాత్రం పాతది వేయలేదు. నా ఆకుపచ్చ వెంకటగిరి చీర ఇచ్చాను. మెత్తగా ఉంటుంది, ముక్కలకు దెబ్బ తగలదు.

ఊరికే ఒక మాట అడుగుతాను. ఒకవేళ ఏ ఎలుకో దూరి డబ్బాలను దొర్లించిందనుకో. ఏ ముక్క ఏ బోగీదో చూడగానే తెలుస్తుందా? వెనకవైపు ఏమైనా గుర్తులు గీశారా? ఊరికే. ఇక్కడ ఎలుకలు ఎక్కువ.

ఆరోగ్యం జాగ్రత్త నాయనా.

నీ వదిన


కాజీపేట
జూలై 3

వదినా,

నా చేతిరాత ముచ్చటగ ఉందన్నవ్. నీ పెండ్లయి మా ఇంటికొచ్చిన నాటి నుంచి ఇయ్యాల్టి దాక ఒక్కసారి గిట్ల అనలె. "నాయనా" అని సుత రాసినవ్. అప్పటి నుంచి పరేషాన్ అయితున్న.

గుర్తులు ఏం లెవ్వు. డబ్బానే గుర్తు. పోయినేడు వానలకు కాప్రాల ఇల్లు కారితే, ఆ డబ్బాలు మంచం మీద పెట్టి నేను కుర్చీల కూసున్న.

ఎలుకనా? ఎలీనానా? నీ మనవరాలైతే తిట్టకు, చిన్నపిల్ల. ఏమైందో సాఫ్‌గ రాయి.

పాల్


మెట్టుగూడ
జూలై 12

పాల్,

ఎలుక కాదు. ఎలీనా కాదు. నేను.

నీ ఉత్తరం వచ్చేటప్పటికే అంతా అయిపోయి మూడు రోజులైంది. ఏడు డబ్బాలూ బల్ల మీద కుమ్మరించాను. ఎలీనా గుమ్మంలో నిలబడి, "నానమ్మా, చిన్న తాతను అడగకుండా ముట్టుకోకు" అంది. "సర్దడం గురించి నాకు ఒకరు చెప్పాలా?" అన్నాను. "సర్దడం గురించి కాదు నానమ్మా, అవి ఆయనవి" అంది. ఇరవై ఏళ్ల పిల్ల. కాలేజీకి టైమవుతోంది పొమ్మన్నాను. ఆ రోజు సెలవట.

నాలుగు రోజులు కూర్చున్నాను. తలుపులన్నీ ఒకచోట. కిటికీ రెక్కలన్నీ ఒకచోట. చక్రాలు, మెట్లు, కడ్డీలు, దేనికది. పద్దెనిమిది గళ్ల ప్లాస్టిక్ పెట్టె కొనితెప్పించి ప్రతి గడికీ చీటీ అంటించాను. మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే నీ మూలమట్టం తీసి ఒక్కో ముక్కకూ పెట్టి చూశాను కూడా. అయిదో రోజు అద్దంలో చూసుకున్నట్టు చూసుకున్నాను ఆ పెట్టెను. ఖాళీ డబ్బాలు కడిగి ఎండబెట్టాను. లోపల అంటుకున్న పొట్టు వదిలేదాకా తోమాను.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. "డబ్బాలు మాత్రం తెరవకు వదినా."

ఆ రోజే చెప్పాల్సింది. చెప్పకుండా ఎలుక మీద పెట్టాను. అబద్ధమాడిన పిల్లలను బెంచీ ఎక్కించి నిలబెట్టిన మనిషిని. నా పదవీ విరమణ రోజున నా క్రమశిక్షణ గురించి నలుగురు మాట్లాడారు, మీ అన్నయ్య ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. ఇప్పుడు ఆ క్రమశిక్షణ పద్దెనిమిది గళ్లలో ఉంది. దాని మొహం చూడలేక మీద తువ్వాలు కప్పాను.

ఏం చేయమంటావో చెప్పు.

ప్రేమమణి


కాజీపేట
ఆగస్టు 6

వదినా,

ఎడమ కన్ను అయిపోయింది. మంచిగనే ఉంది.

నీ ఉత్తరం చదివిన. ఏం రాయాలెనో తెలుస్తలేదు.

పాల్

పెద్దమ్మా, నేను హదస్సాను. నాన్న మూడు వారాలుగా సరిగా తినడం లేదు. అడిగితే "డబ్బాలు" అంటున్నారు, అంతకు మించి చెప్పడం లేదు. ఏం జరిగింది?


మెట్టుగూడ
ఆగస్టు 21

పాల్‌కు,

నువ్వు తిట్టి ఉంటే జవాబు చెప్పేదాన్ని. నువ్వు ఏమీ అనకపోయేసరికి నాకు చేయడానికి పని తప్ప ఏమీ మిగల్లేదు.

తువ్వాలు తీశాను. రేకు పెట్టెలోంచి బోగీలు తీసి నీ బల్ల మీద వరసగా పెట్టాను. ఒక్కో బోగీకి నాలుగు గుమ్మాలు, పదహారు కిటికీలు. చీర కొసను నడుముకు కట్టుకుని, ఎలీనా తెచ్చిచ్చిన భూతద్దం దీపం వేసుకుని, ఒక్కో తలుపునూ ఒక్కో గుమ్మానికి పెట్టి చూస్తున్నాను. బలవంతంగా నెట్టడం లేదు. మొదటి రోజు ఒకటి కూడా పట్టలేదు. రెండో రోజు ఒకటి పట్టింది. పాల్, అది పట్టినప్పుడు చప్పుడు కాదు. వేలికి తెలుస్తుంది, అంతే. నేను గట్టిగా అరిచాను. కోడలు కుక్కర్ ఆపి పరిగెత్తుకొచ్చింది.

నువ్వు చెప్పిన ఎడమవైపు వెలుతురు ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఆ చీర ఎందుకో కూడా. ఇప్పటికి నలభైసార్లన్నా ముక్కలు నా ఒళ్లో పడ్డాయి. ఒకటి నేల మీద పడితే గదంతా మోకాళ్ల మీద వెదికాను. ఎలీనా చూసి, "నానమ్మా, ప్రార్థనా?" అంది. కాదనలేదు.

ఆరు బోగీల తలుపులూ, అన్ని కిటికీ రెక్కలూ వాటి వాటి చోటికి చేరాయి. దేని ముక్కలు దాని డబ్బాలో వేసి, మూత మీద నంబరు రాశాను. ఏడో బోగీ తలుపులు మాత్రం ఇంకా చూస్తున్నాను.

అన్నం తిను. నామీద కోపం అన్నం మీద చూపకు.

వదిన


కాజీపేట
సెప్టెంబర్ 4

వదినమ్మకు,

నీ ఉత్తరం చదివి హదస్సాకు సుత వినిపించిన. షాపుల ముప్పై ఏండ్లు చేసినోళ్లు సుత అంత ఓపిక పట్టరు. ఒక్కో తలుపు ఇరవై ఎనిమిది గుమ్మాలకు పెట్టి చూసినవంటే మాటలా? నాకు బాధైంది, నిజమే. ఇప్పుడు తగ్గింది. ఇయ్యాల రెండు పూటలా తిన్న.

ఏడో బోగీ తలుపుల కోసం పరేషాన్ కాకు. అవే అన్నిటికన్న జల్ది దొరుకుతయి. వంకరగ ఉన్న నాలుగు తలుపులు ఏరు, అంతే. పై మూల ఒకటి కిందికి దిగి ఉంటది.

నీకు చెప్పొద్దనుకున్న గాని, ఇప్పుడు దాచుడు ఎందుకు? అవి అన్న చేసినయి.

అన్నకు ఆకురాయి ఎట్ల పట్టాలెనో తెల్వది. రైల్ నిలయం ఆఫీసుల ఫైళ్లు మోసినోడు. గాని మేం ఆరుగురం చేస్తుంటే, "నాకు సుత ఒక బోగీ ఇయ్యి తమ్మీ" అన్నడు. రెండేండ్లు ప్రతి ఆదివారం పగటిపూట కాప్రాకు వచ్చేటోడు. నీకు చర్చిల సంఘ కమిటీ మీటింగు అని చెప్పి. ఆ నాలుగు తలుపులే ఆయనవి, ఆ బోగీల మిగతాదంతా నేనే చేసిన. ఒక్కో తలుపుకు నాలుగైదు నెలలు. ఎడమ చేతివాటం కదా, ఆకురాయి ఎటో పోయేది. "వదినకు చూపించు, సంబరపడ్తది" అన్న నేను ఒకసారి. "వద్దురా, మీ వదిన మూలమట్టం పెట్టి చూస్తది" అన్నడు. ఇద్దరం మస్తు నవ్వినం.

తలుపు సరిచెయ్యి అని నేను అనలేకపోయిన. అందుకే గుమ్మాలే ఆ తలుపులకు తగ్గట్టు కోసిన. ఏడో బోగీ గుమ్మాలు నాలుగూ వంకరనే ఉంటయి చూడు. అన్నకు తెల్వది. నాలుగూ పట్టినయని ఆ దినం నాకు బిర్యానీ తినిపించిండు.

ఆ బోగీ ముందు యేసురాజు అని అన్న పేరు పెడ్తం. నువ్వు వస్తే సంతోషం.

పాల్


మెట్టుగూడ
సెప్టెంబర్ 12

పాల్,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. హదస్సాను దగ్గర ఉండమను.

ఏడో బోగీ తలుపులు చూస్తున్నానని రాశాను. చూడటం లేదు. అవి లేవు.

మూలమట్టం పెట్టి చూశానని జూలైలో రాశాను కదా. చూశాక ఏం చేశానో రాయలేదు. అది రాస్తే నువ్వు ఇంకేం అడుగుతావోనని. అన్ని ముక్కలూ సరిపోయాయి, నాలుగు తలుపులు తప్ప. ఆ నాలుగూ వేరే పెట్టాను. "పనికిరానివి" అని చీటీ కూడా రాశాను. అంత మంచి పనివాళ్ల మధ్య ఈ తప్పుడు పని ఎవరిదో అనుకున్నాను. మరునాడు పొద్దున చెత్త ఆటో వచ్చింది. తడి చెత్తలో కాకుండా పొడి చెత్తలోనే వేశాను. అందులోనూ నియమం తప్పలేదు.

నీ ఉత్తరం వచ్చాక ఆ ఆటో నడిపే అమ్మాయిని పట్టుకుని అడిగాను. "జూన్‌ల పడేసినవా అమ్మా?" అని నా మొహం చూసింది. జాలిపడింది. నామీద ఎవరైనా జాలిపడి చాలాకాలమైంది.

మీ అన్నయ్య ఆదివారం సాయంత్రాలు ఇంటికొస్తే చొక్కా మీద సన్నటి పొడి ఉండేది. కమిటీ కుర్చీలు పాతవన్నాడు. విదిలించి ఉతికాను. రెండేళ్లపాటు వారం వారం కూర్చున్న కమిటీ ఒక్క తీర్మానమూ చేయలేదేమని నాకు తట్టనే లేదు. ఆయన చూపుడువేలి మీద కాయ కాసింది. "ఆఫీసులో కలం ఎక్కువ పట్టకండి" అన్నాను. నవ్వాడు. ఆ నవ్వుకు అర్థం నాకు ఇప్పుడు తెలిసింది, నీ ఉత్తరంలో.

పెళ్లయిన కొత్తలో ఆయన నాకు రాసిన ఉత్తరాల్లో తప్పులు దిద్ది తిరిగి పంపేదాన్ని. సరదాకి అనుకున్నాను. ఆయనా నవ్వాడు కాబట్టి సరదాయే అనుకున్నాను. తర్వాత ఆయన ఉత్తరాలు రాయలేదు. ఇది ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నాను.

నాకు దాచి చేసుకోవలసి వచ్చింది పాల్, నాలుగు వేలెడు తలుపులు. దాచినందుకు తగ్గట్టే నేను ప్రవర్తించాను. ఆయన అనుకున్నదే చేశాను, ఆయన పోయాక కూడా.

డిసెంబరులో నేను రాను. ఏ మొహంతో రాను?

ప్రేమమణి


కాజీపేట
అక్టోబర్ 5

వదినా,

నీ ఉత్తరం చదివి బయటికి పోయి స్టేషన్ దాక నడిచొచ్చిన. రెండు బండ్లు పోయినయి, చూసిన.

అది పోవుడు మంచిగ కాలె. పర్వాలేదని నేను రాయను. రాస్తే నువ్వే నమ్మవ్.

గాని గుమ్మాలు ఉన్నయి కదా. తలుపు పోయింది గాని తలుపు ఆకారం గుమ్మంల ఉంది. బోగీ లోపలి దిక్కు సన్నకాయితం పెట్టి, మీద పెన్సిల్ మెల్లగ రుద్దు. అంచు పడ్తది. దాన్ని కత్తిరించి టేకు ముక్క మీద అంటించు. సంచిల సన్నగ కోసిన టేకు ముక్కలున్నయి, నీకు కర్రముక్కలనిపించినయి అవే. గీత బయటి నుంచి కొయ్యి. తర్వాత ఆకురాయి. ముందుకు నెట్టు, వెనుకకు లాగేటప్పుడు లేపు. నాలుగుసార్లు రుద్దు, ఒకసారి గుమ్మానికి పెట్టి చూడు. తొందరపడకు.

నేను చెయ్య. కండ్లు మంచిగనే అయినయి, డాక్టరమ్మ చెయ్యొచ్చన్నది. అయినా చెయ్య. పడేసింది నువ్వు. చెయ్యాల్సింది నువ్వే.

నవంబర్ ఇరవైకి వస్తున్న.

పాల్


మెట్టుగూడ
నవంబర్ 14

పాల్‌కు,

స్టేషన్‌కు ఎలీనా వస్తుంది. బరువులు మోయకు.

నీ సంచిలో టేకు ముక్కలు తగ్గాయి, ముందే చెబుతున్నాను. మొదటి తలుపుకు తొమ్మిది ముక్కలు పాడుచేశాను. రెండో వేలికి, మూడో వేలికి కట్లు ఉన్నాయి. సంఘంలో అడిగితే కూరగాయలు అన్నాను, తర్వాత ఆ అబద్ధం కూడా వద్దనిపించి ఆకురాయి అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు.

చిక్కు ఎక్కడంటే, నా చేయి తిన్నగా పోతుంది. గీత వంకరగా ఉంది, నేను దాని మీదే రాకుతున్నాననుకుంటాను, తీసి చూస్తే మూల నిటారుగా నిలబడి ఉంటుంది. డెబ్బై ఒకటో ఏట ఒక వంకర గీత గీయడం రాక కూర్చుని ఏడ్చాను. అప్పుడు ఆకురాయి ఎడమ చేతికి మార్చాను. ఎడమ చేతికి ఇంతకాలం నేనేమీ నేర్పలేదు గనక అది నా మాట వినలేదు. పని నడిచింది.

నాలుగూ అయ్యాయి. పడుతున్నాయి. నాలుగోదానికి పై మూలలో దారమంత సందు ఉంది. సరిచేయబోయి ఆకురాయి గోడకు తగిలించేశాను.

ఇక డిసెంబరు సంగతి. రానని రాశాను, వస్తున్నాను. ఏడో బోగీ ముందు ఆయన పేరు పెట్టు. కానీ భద్రయ్యా మిగతావాళ్ల ఇళ్లవాళ్లూ వచ్చి, "యేసురాజు గారు ఎంత బాగా చేశారు" అంటే విని ఊరుకోలేను. ఆయన చేసినవి ఇవి కావు. ఆయన చేసినవి నేను చెత్తలో పారేశాను, ఇవి నేను చేసినవి అని నా నోటితోనే చెబుతాను. అడిగిన ప్రతివాళ్లకీ చెబుతాను. సభల్లో మాట్లాడటం నాకు కొత్త కాదు, ఇలాంటిది మాట్లాడటమే కొత్త. నువ్వు మధ్యలో అందుకుని నన్ను వెనకేసుకు రావద్దు.

ఆ బోగీ పక్కన ఒక కుర్చీ మాత్రం వేయించు. చెప్పేది చిన్నదే, కానీ చాలామందికి చెప్పాలి. అంతసేపు నిలబడలేను.

నీ వదిన
ప్రేమమణి